బట్టీల ఊళ్ళో బట్టీ చదువు

సున్నపురాయి కాలే చోటికీ, ఆ రాయి సమీకరణం రాసే బోర్డుకీ మధ్య పల్నాడులో గంట ప్రయాణం. పని తెలిసినవాళ్ళు పాఠం చెప్పడానికి రావాలంటే ఆ గంట ఎందుకంత దూరమవుతోంది?

పిడుగురాళ్ళ ఇంకా రాకముందే రోడ్డు పక్క చెట్ల ఆకులు తెల్లబడతాయి. కొట్ల రేకుల మీద, ఆగి ఉన్న లారీల అద్దాల మీద, ఆరేసిన బట్టల మీద పల్చటి పొడి. సున్నపు బట్టీల ఊరు మరి. బట్టీ నెత్తి మీద ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తూ ఉంటారు. అడుగు నుంచి కాలిన గడ్డలు లాగుతూ ఉంటారు. మధ్యలో ఎక్కడో తొమ్మిది వందల డిగ్రీల వేడి తన పని తాను చేసుకుపోతుంటుంది.

మొన్న అక్కడ ఓ పెద్దాయన పక్కన గంటసేపు నిలబడ్డాను. కింద లాగిన గడ్డల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, మామిడికాయ బేరమాడేవాడిలా అరచేతిలో ఓసారి ఆడించి, కొన్ని ఇటూ కొన్ని అటూ వేస్తున్నాడు. నా కళ్ళకి రెండు కుప్పలూ ఒకటే. అదే తెలుపు, అదే గరుకు, దాదాపు అదే సైజు.

"ఎట్లా తెలుస్తది బాబాయ్?" అన్నాను.

"బరువయ్యా. కాలిన రాయి చేతిలో తేలిపోద్ది. లోపల పచ్చి ఉంటే చెయ్యి కిందికి లాగుద్ది." ఓ గడ్డ నా చేతిలో పెట్టాడు. దాని పక్కన ఇంకోటి పెట్టాడు. నిజమే.

వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని పూర్తిగా కాలిస్తే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోతుంది, 56 కిలోల సున్నం మిగులుతుంది. ఇది నేను ఇంటర్లో రాశాను, బీఎస్సీలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. గడ్డ సైజు పెద్దగా తగ్గదు కానీ బరువు మాత్రం సగానికి దగ్గరగా పడిపోతుంది. అంటే పెద్దాయన అరచేయి తూస్తున్నది ఆ 44నే. ఆయనకి అంకె తెలియదు. అంకె నూరుసార్లు రాసిన నాకేమో, ఆ అంకెతో పచ్చిరాయిని ఏరొచ్చన్న సంగతి ఆ రోజు దాకా తట్టలేదు. ఆయనది రాయి కాల్చే బట్టీ, నాది పాఠం వల్లించే బట్టీ. మన భాషలో రెంటికీ ఒకటే మాట.

పేట కాలేజీలు

చదువుల విషయంలో నరసరావుపేటకి లోటు లేదు. సుబ్బరాయ అండ్ నారాయణ కాలేజీ 1950 నుంచీ ఉంది. పల్నాడు పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో తొలి డిగ్రీ సర్టిఫికెట్ మీద ఆ పేరు ఉందో లెక్క తీస్తే అదే ఓ కథనమవుతుంది. 1998లో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 2016లో కాకినాడ జేఎన్‌టీయూ వాళ్ళ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయ్యి, పేట జిల్లా కేంద్రమైంది. పొద్దున ఎనిమిదింటికి కోటప్పకొండ రోడ్డు మీద నిలబడండి, వరసగా పోయే పసుపు బస్సులు లెక్కపెట్టలేక అలసిపోతారు.

ఆ బస్సులు వచ్చే దారులు చూడండి. ఒకటి సున్నపు బట్టీల పక్క నుంచి వస్తుంది. ఇంకోటి సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు నుంచి, ఇంకోటి నాగార్జున సాగర్ కుడి కాలువ గట్టు మీద నుంచి, మరోటి మిరప కల్లాల మధ్య నుంచి. కెమిస్ట్రీ, సివిల్, మెకానికల్, వ్యవసాయం.. సిలబస్‌లో ఉన్నవన్నీ కిటికీలోంచి కనిపిస్తాయి. పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాలేజీకి పోయి, అవే సంగతులు బోర్డు మీద చూసి రాసుకుంటారు.

తప్పు పిల్లలది కాదు. చాలావరకు మాస్టార్లది కూడా కాదు. మన ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్, ఎంటెక్ ఉండాలి, వాటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ రావాలి. సైటు మీద ఒక్క రోజు పనిచేసి ఉండాలని ఎవరూ అడగరు. కాబట్టి నిన్న ఏ బెంచీ మీద కూర్చున్నాడో, ఇవాళ దాని ఎదురుగా చాక్‌పీస్ పట్టుకుని నిలబడిన కుర్రవాడు మనకి ప్రతి కాలేజీలోనూ కనిపిస్తాడు. తెలివిగలవాడే, కష్టపడేవాడే. కాంక్రీటు గురించి చక్కగా చెబుతాడు. కాంక్రీటు పోసే రోజు వాన వస్తే ఏం చేయాలని పిల్లాడెవడన్నా అడిగితే మాత్రం కాస్త తడుముకుంటాడు.

జర్మనీలో దీనికి పూర్తిగా వేరే లెక్క. అక్కడ వృత్తివిద్యకి పెద్దపీట వేసే ఒక తరహా విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసర్ కావాలంటే చదువుతో పాటు కనీసం అయిదేళ్ళ పని అనుభవం చూపించాలి. అందులోనూ మూడేళ్ళు యూనివర్సిటీ బయట చేసినదై ఉండాలి. ముందు పని, ఆ తర్వాతే పాఠం.

16వ నంబరు గేటు

పల్నాడుకి పైన ఒక ఆనకట్ట, కింద ఒక ఆనకట్ట. పైన నాగార్జున సాగర్, కింద బెల్లంకొండ వైపు పులిచింతల. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతలలో వరద నీరు వదులుతుండగా 16వ నంబరు గేటు ఊడి కొట్టుకుపోయింది. ఆ ఖాళీలో తాత్కాలిక గేటు దించడానికి వీలుగా, దాచుకున్న నీళ్ళు చాలావరకు కిందికి వదిలేసి జలాశయం మట్టం తగ్గించాల్సి వచ్చింది. ప్రకాశం బ్యారేజీ దాకా నదికి ఇరుపక్కలా జనాన్ని అప్రమత్తం చేశారు.

ఆ వారం జిల్లాలోని ఏ సివిల్ విద్యార్థికైనా అంతకంటే గొప్ప పాఠం దొరుకుతుందా? పేట నుంచి పొద్దున బయల్దేరి, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరే దూరం.

అలాంటి గేట్ల గురించి పుస్తకంలో నాలుగు లైన్లుంటాయి. గేటు ముఖం వంపుగా ఉంటుంది. నీటి తోపుడంతా వెనకున్న చేతుల గుండా ఒకే ఇరుసు మీదికి చేరుతుంది. అందుకని గేటు ఎత్తే యంత్రం నీటితో కుస్తీ పట్టక్కర్లేదు, గేటు బరువు, కాస్త రాపిడి మోస్తే చాలు. ఎంత అందమైన ఊహో! పరీక్షలో పటం గీసి బాణం గుర్తులు పెడితే మార్కులు పడిపోతాయి. ఆ నాలుగు లైన్లలో లేనివి కొన్ని ఉన్నాయి. ఇరుసుకి గ్రీజు పెట్టేదెవరు, పెట్టినట్టు రిజిస్టర్లో రాసేదెవరు, తుప్పు మొదట ఎక్కడ పడుతుంది, గేటు ఎత్తేటప్పుడు ఏ చప్పుడు మామూలు, ఏ చప్పుడు ప్రమాదం, వరదలో అర్ధరాత్రి కరెంటు పోతే మొదట పరుగెత్తాల్సింది ఎటు? వీటికి జవాబులు గేట్ల దగ్గర పనిచేసేవాళ్ళ నోట్లో ఉంటాయి. వాళ్ళు రిటైరయ్యే రోజున శాలువా కప్పించుకుని, ఆ జవాబులన్నీ మూటగట్టుకుని ఇంటికి పోతారు.

మూడేళ్ళు తిరిగేసరికి అదే ఆగస్టులో ఇంకో గేటు పోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టలో 19వ నంబరు గేటు గొలుసు తెగింది. పారే నీళ్ళలోనే, జలాశయం మొత్తం ఖాళీ కాకుండా స్టాప్‌లాగ్ పలకలు దించాలి. ఎవర్ని పిలిచారు? గేట్ల పనిలోనే జీవితం గడిపి, ఎప్పుడో రిటైరైన కన్నయ్య నాయుడు గారిని. వారం రోజుల్లో నీళ్ళు ఆగాయి. ఆ మరుసటి నెలలోనే పడవలు గుద్దుకుని విజయవాడ ప్రకాశం బ్యారేజీ కౌంటర్ వెయిట్లు దెబ్బతింటే మళ్ళీ ఆయన్నే పిలిచారు. టీవీల వాళ్ళు ఆయన్ని హీరోని చేశారు, చేయాల్సిందే. నాకు మాత్రం ఆ రోజుల్లో ఒకటే గుబులుగా ఉండేది: రెండు రాష్ట్రాలు ఆపదలో పడితే గుర్తొచ్చేది ఈ వయసులో ఉన్న ఒక్క మనిషేనా? ఆయన పక్కన నిలబడి నేర్చుకున్న పాతికేళ్ళ పిల్లలు పదిమంది ఏరీ?

రంగూన్ నుంచి సాగర్ దాకా

పులిచింతల ప్రాజెక్టు పేరు డాక్టర్ కె.ఎల్.రావు సాగర్. బోర్డు మీద ఆ పేరు చదివిన కుర్రాళ్ళని అడిగితే ఎవరో రాజకీయ నాయకుడు అంటారు. అబద్ధం కాదు. విజయవాడ నుంచి 1962లో మొదలుపెట్టి మూడుసార్లు లోక్‌సభకి గెలిచారు, కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా చేశారు. దానికి ముందున్న కథ ఈ వ్యాసానికి కావాలి.

కానూరి లక్ష్మణరావు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బళ్ళో ఆడుకుంటూ దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. మద్రాసు గిండీలో ఇంజినీరింగ్ చదివారు. బర్మా వెళ్ళి రంగూన్‌లో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. ఇంగ్లండు వెళ్ళి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నారు, అక్కడా కొంతకాలం అధ్యాపకుడిగా చేశారు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద పుస్తకం రాశారు. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరయ్యారు. 1950లో ఢిల్లీ వెళ్ళి కేంద్రంలో డిజైన్ల డైరెక్టరయ్యారు. నాగార్జున సాగర్‌తో ఆయన పేరు ముడిపడింది ఆ రోజుల్లోనే.

సాగర్‌కి నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ మధ్య పన్నెండేళ్ళూ మాచర్ల పక్కన కృష్ణ ఒడ్డున జరిగింది మామూలు కట్టడం కాదు. సిమెంటుకి, యంత్రాలకి కరువు, మనుషులకి కరువు లేదు. అందుకని ప్రధాన డ్యామును రాయి మీద రాయి పేర్చి కట్టారు. వేల మంది కూలీలు రాళ్ళు నెత్తిన మోశారు. ఏ పాఠ్యపుస్తకమూ 'మీ దేశంలో ఏది చవక, ఏది ఖరీదు చూసుకుని డ్యాము కట్టుకో' అని చెప్పదు. బోర్డు ముందు లెక్క చేయడం తెలిసి, సైటు మీద మేస్త్రీతో మాట్లాడటమూ తెలిసిన తరం ఇంజినీర్లు దాన్ని తేల్చారు.

కె.ఎల్.రావు తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు 'ది క్యూసెక్స్ క్యాండిడేట్'. ఎన్నికల్లో నిలబడుతూ కూడా నీళ్ళ కొలత మర్చిపోని మనిషి. నేను ఆయన్ని ఇక్కడ తలుచుకోవడం డ్యాము కోసం కాదు, ఆ రాకపోకల కోసం. తరగతి గది నుంచి పరిశోధనకి, అక్కడి నుంచి డిజైన్ ఆఫీసుకి, నది ఒడ్డుకి. అప్పట్లో ఈ గదుల మధ్య తలుపులు తెరిచి ఉండేవి. ఇప్పుడు ఇరిగేషన్ ఏఈ ఎవరైనా 'రెండేళ్ళు కాలేజీలో చెప్పి వస్తా' అంటే ఇంట్లోవాళ్ళే వింతగా చూస్తారు. కాలేజీ లెక్చరరు 'రెండేళ్ళు సైటు మీద పనిచేసి వస్తా' అంటే, తిరిగొచ్చేసరికి కుర్చీ ఉంటుందన్న పూచీ లేదు.

పదిహేనేళ్ళు, పది శాతం, నాలుగేళ్ళు

ఈ తలుపు కొంచెం తెరవడానికి యూజీసీ 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. తన వృత్తిలో కనీసం పదిహేనేళ్ళు పనిచేసి పేరు తెచ్చుకున్నవాళ్ళని కాలేజీలు, విశ్వవిద్యాలయాలు తీసుకోవచ్చు. పీహెచ్‌డీ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకూడదు. మామూలుగా మూడేళ్ళు, తప్పదనుకుంటే ఇంకో ఏడాది, అక్కడితో సరి. అప్పటికే మాస్టారి ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, అందులో రిటైరైనవాళ్ళు ఈ దారిన రాకూడదు.

మంచి ఆలోచనే. పల్నాడు నుంచి చూస్తే మాత్రం దాని కళ్ళు మరీ ఎత్తున ఉన్నాయనిపిస్తుంది. పెద్ద పదవులు చేసినవాళ్ళకి ప్రాధాన్యం అంటుంది. హైదరాబాదు నుంచి కార్లో వచ్చి, నెలకోసారి ఏసీ సెమినార్ హాల్లో మాట్లాడి, ఫొటో దిగి వెళ్ళే పెద్దమనిషి దానికి సరిగ్గా సరిపోతాడు. సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్ళు బట్టీ నడిపిన ఫోర్‌మన్ సరిపోడు. రెండో రకం మనిషే పల్నాడులో వీధికొకడు దొరుకుతాడు.

ఇది కొత్త సంగతేమీ కాదని వకీళ్ళు నవ్వుతారు. బార్ కౌన్సిల్ 1979 నాటి నియమాల ప్రకారం, ప్రాక్టీసు వదలకుండానే వకీలు రోజుకి మూడు గంటల దాకా లా కాలేజీలో పాఠం చెప్పొచ్చు. పొద్దున క్లాసులో సాక్ష్య చట్టం చెప్పి, మధ్యాహ్నం కోర్టులో అదే చట్టంతో ఓడిపోయి వచ్చిన మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళు అదృష్టవంతులు. డాక్టర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ పొద్దున ఓపీ చూస్తాడు, వార్డులో రోగి మంచం పక్కనే పిల్లలకి పాఠం చెబుతాడు, అవసరమైతే ఆ సాయంత్రమే ఆపరేషన్ చేస్తాడు. రోగిని ముట్టుకోని సర్జరీ ప్రొఫెసర్ ఉంటే ఆ కాలేజీలో మన పిల్లల్ని చేర్పిస్తామా? బ్రిడ్జిని ముట్టుకోని బ్రిడ్జిల ప్రొఫెసర్‌తో మాత్రం మనకి పేచీ లేదు.

జంగమహేశ్వరపురం నుంచి బాపట్ల

ఈ సమస్యని చాలామటుకు తీర్చుకున్న చదువు ఒకటి మన పెరట్లోనే ఉంది. అదెందుకో పెద్దగా చర్చకి రాదు.

గురజాల దగ్గర జంగమహేశ్వరపురం. ఎండాకాలం వాతావరణ వార్తలు వినేవాళ్ళకి ఈ పేరు కొట్టిన పిండి, రాష్ట్రంలో ఎక్కడెక్కడ మాడిపోయిందో చెప్పే జాబితాలో ఏటా ఉంటుంది. అక్కడ ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానం ఉంది. ఆ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకే మెట్టు ఉద్యోగాలు. ఇవాళ ఇక్కడ పొలంలో గోధుమరంగు టోపీ పెట్టుకుని తిరిగే శాస్త్రవేత్తకి రేపు బాపట్ల వ్యవసాయ కళాశాలకి బదిలీ కావచ్చు. 1945లో మొదలైన ఆ కాలేజీ క్లాసులో నిలబడి, జంగమహేశ్వరపురం ఎండలో చూసిందే చెబుతాడు. కొన్నేళ్ళకి మళ్ళీ ఏ లాం ఫారానికో పోతాడు. బదిలీ అంటే ఉద్యోగికి తలనొప్పే. చదువుకి మాత్రం వరం.

దాని విలువ 2021-22లో మిరప రైతు చూశాడు. మిరప ఆకు పైకి ముడుచుకుంటే 'పై ముడత', అది తామర పురుగు పని. కిందికి ముడుచుకుంటే 'కింది ముడత', అది నల్లి పని. పల్నాడు రైతుకీ, బాపట్ల విద్యార్థికీ ఇద్దరికీ తెలిసిన పాఠం ఇది. ఆ ఏడు ఆకు చూస్తే పెద్దగా ఏమీ లేదు, పూత మాత్రం రాలిపోతోంది. పువ్వు విదిలిస్తే అరచేతిలో నల్లటి పురుగులు పొలోమని రాలాయి. ఇదీ తామర పురుగే, కానీ బయటి నుంచి వచ్చిన వేరే జాతి. ఆకు వదిలేసి పువ్వులో కాపురం పెట్టింది. రైతులు 'నల్ల తామర' అని పేరు పెట్టేశారు. తెలిసిన మందులన్నీ కొట్టారు, కొట్టిన కొద్దీ ఖర్చు పెరిగింది, పురుగు తగ్గలేదు. ఎకరాలకి ఎకరాలు దున్నేసిన రైతులున్నారు.

అప్పటికి అచ్చులో ఉన్న పుస్తకాన్ని నమ్ముకున్నవాడు ఆకు వైపే చూస్తూ ఉండిపోయేవాడు. చేలల్లో తిరిగిన శాస్త్రవేత్తే పాఠం కూడా చెబుతాడు కాబట్టి, కొత్త పురుగు ముందు క్లాసులోకి వస్తుంది, ఆ తర్వాతే పుస్తకంలోకి ఎక్కుతుంది. దీనికి తోడు వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది పిల్లలు పల్లెల్లో మకాం పెట్టి, రైతు వెంట తిరగాల్సిందే. మొదటి వారం వాళ్ళు రైతుకి సలహాలిస్తారు. మూడో వారానికి నోటుబుక్కు తెరిచి రాసుకోవడం మొదలుపెడతారు. ఊళ్ళో ముసలాయన ఎవరైనా ఆ నోటుబుక్కు తీసుకుని, చదివించుకుని, 'ఇది తప్పు రాశావు బాబూ' అన్నప్పుడు జరిగేదే అసలు వైవా.

మిగతా డిగ్రీ పిల్లలకీ మన రాష్ట్రం 2020 తర్వాత పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్ళో సర్వే, రెండో ఏడాది అయ్యాక ఇంకో రెండు నెలలు, చివర్లో ఆరు నెలలు పని. కాగితం మీద ఇంత ధైర్యమైన పథకం దేశంలోనే తక్కువ. నేల మీద ఏం జరుగుతోందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, వీడియోలు ముందుకి తోసి, సర్టిఫికెట్ దించుకునేవాళ్ళే ఎక్కువ. పిల్లాడు పని నేర్చుకోవాలంటే నేర్పేవాడికి తీరిక కావాలి, అతని తీరికకి ఎవరో జీతం కట్టాలి. ఈ చివరి ముక్క దగ్గర అందరూ గొంతు సవరించుకుంటారు.

నా నలభై నిమిషాలు

ఇంతసేపూ పనివాళ్ళ పక్షాన మాట్లాడాను కాబట్టి నా భాగోతం కూడా చెప్పుకోవాలి. ఇరవయ్యేళ్ళు పత్రికల్లో చేసిన ధీమాతో, ఓ కాలేజీలో జర్నలిజం పిల్లలకి పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. పేరు వద్దులెండి, తప్పు వాళ్ళది కాదు. సెమిస్టర్ మొత్తం నాదే. మొదటి రోజు వెళ్ళి నిలబడ్డాను. వరదలో వార్త పంపిన కథ, ఎన్నికల రాత్రి పేజీ మార్చిన కథ, ఎస్పీ గారితో తగాదా. పిల్లలు నవ్వారు, నాకు ఊపొచ్చింది. గడియారం చూస్తే నలభై నిమిషాలైంది. నా దగ్గర కథలు అయిపోయాయి. ఇంకా యాభై ఎనిమిది క్లాసులున్నాయి.

ముందు బెంచీ అమ్మాయి లేచి, "సార్, వార్తకి మొదటి వాక్యం ఏది పెట్టాలో మీకెలా తెలుస్తుంది?" అంది. "రాస్తూ ఉంటే తెలుస్తుందమ్మా" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుని పెన్ను మూసేసింది. ఆ పెన్ను క్యాప్ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

స్టాఫ్ రూంలో తెలుగు చెప్పే ఓ పెద్ద మాస్టారు ఉండేవారు. పత్రికాఫీసు గడప తొక్కని మనిషి. నా ముఖం చూసి టీ పోయించి, "మీరు చేసే పనిని పది ముక్కలు చేయండి. రోజుకో ముక్క చెప్పండి. ఆ ముక్క వాళ్ళ చేత చేయించండి. తప్పు చేయనివ్వండి" అన్నారు. ఆ రాత్రి కూర్చుని, ఓ వార్త రాసేటప్పుడు నా చెయ్యి ఏం చేస్తుందో మొదటిసారి గమనించాను. చెయ్యడం కంటే అది కష్టమైంది. రెండో నెలకి గాని క్లాసు దారిలో పడలేదు.

అందుకే బట్టీ పెద్దాయన్ని తీసుకొచ్చి బోర్డు ముందు నిలబెడితే చాలంటే నేను ఒప్పుకోను. ఆయన చేతికి తెలిసింది ఆయన నోటికి రాదు. దాన్ని ముక్కలు చేసే విద్య మాస్టారి దగ్గరుంది. ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. యూజీసీ మార్గదర్శకాల్లో నాకు వెలితిగా తోచింది ఇదే. పనివాడిని రమ్మంటుంది కానీ, అతని పక్కన కూర్చుని ఆ పనిని పాఠంగా మలిచే మాస్టారి సంగతి పెద్దగా ఎత్తదు. మాస్టార్లకేమో తీరిక లేదు. అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు, నాక్ ఫైళ్ళు, తనిఖీ బృందం వస్తోందంటే రాత్రి పదింటి దాకా కాగితాలు.

విద్యావంతులు

కారెంపూడిలో కార్తీక మాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ వీరుల కథ పాడేవాళ్ళని వీర విద్యావంతులంటారు. ఎవరు పెట్టారో గాని, ఆ పేరు పెట్టినవాళ్ళకి డిగ్రీల పట్టింపు లేదు. అలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడిన కథని జీన్ రోఘేర్ అనే అమెరికన్ 1970ల్లో ఇక్కడికొచ్చి రికార్డు చేసుకున్నాడు. అనువాదంతో, అధ్యయనంతో కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' పేరుతో పుస్తకం వేశారు. ప్రపంచంలో ఏ యూనివర్సిటీలో మౌఖిక సాహిత్యం చదివేవాళ్ళకైనా గాలెయ్య పాట దొరుకుతుంది. ఆ రికార్డింగులో ఒకరికి గొంతు ఉంది, ఒకరికి టేపు, ఓపిక ఉన్నాయి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పుస్తకం లేదు. మన తెలుగు ఎంఏ క్లాసులో పల్నాటి వీరచరిత్ర పాఠం ఉన్న రోజున, కారెంపూడి నుంచి ఓ విద్యావంతుడికి బస్సు చార్జీ, భోజనం, ఓ మర్యాదైన రుసుము ఇచ్చి పిలిపించడానికి ఏ మార్గదర్శకమూ అడ్డు రాదు.

బట్టీ పెద్దాయన దగ్గర సెలవు తీసుకుంటూ, బాగా కాలిన గడ్డ ఒకటి అడిగి పుచ్చుకున్నాను. పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చాడు. పేటలో కెమిస్ట్రీ చెప్పే నా బీఎస్సీ స్నేహితుడికి చూపిద్దామని. వెంటనే కుదరలేదు, పొట్లం వారం పైన నా స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది. తీరా వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో బల్ల మీద పెట్టి చూస్తే పేపరు పిగిలిపోయి ఉంది. గడ్డ లేదు. తెల్లటి పిండి, ముందున్న దానికంటే ఎక్కువ చోటు ఆక్రమించి.

వాడు వేలితో తీసి చూసి నవ్వాడు. "గాలిలో తేమ పీల్చుకుంది రా. 56 పాళ్ళ సున్నానికి 18 పాళ్ళ నీళ్ళు. బరువు పెరిగి ఉంటుంది." త్రాసు లాక్కుని, ఆగాడు. "తెచ్చిన రోజు బరువెంత?"

"తూయలేదు."

"తూయకుండా తెచ్చావా? పత్రికల్లో ఇరవయ్యేళ్ళు చేశావు, అంకె రాసుకోవడం తెలీదూ!"

ఆ తిట్టు నాకు సంతోషంగానే ఉంది. వాడు పిండిని సీసాలోకి ఎత్తి, లేబులు అంటించి, తేదీ వేశాడు. పక్క ల్యాబులోంచి ఇద్దరు పిల్లలు తొంగి చూస్తున్నారు. ఆదివారం పిడుగురాళ్ళ పోదాం, వీళ్ళనీ తీసుకుపోదాం అన్నాడు. త్రాసు తనే తెస్తానన్నాడు.